ఓరుగల్లు ఎండలో క్రోకస్: కొండకలువ పెంచే పద్ధతి

చలి దేశాల తోటల ఫొటోల్లో, మంచు పూర్తిగా కరగకముందే, ఆకు కూడా సరిగా రాకముందే నేలలోంచి నేరుగా విచ్చుకునే క్రోకస్ పూలను చూసి ముచ్చటపడి, ఆన్‌లైన్‌లో గడ్డలు తెప్పించుకుని కుండీల్లో నాటినవాళ్లలో నేనూ ఒకణ్ణి. హనుమకొండలో మా ఇంటి డాబా మీద వరుసగా రెండేళ్లు ఆ ప్రయత్నం చేశాను. మొదటి ఏడు గడ్డలు గడ్డిపోచల్లాంటి ఆకులు వేసి, పువ్వు లేకుండానే ఎండిపోయాయి. రెండో ఏడు సంక్రాంతికి మట్టి తవ్వి చూస్తే, వేలితో నొక్కగానే చితికిపోయే ముద్దలు దొరికాయి. లోపం గడ్డలదీ కాదు, నీళ్లదీ కాదు, కాలానిదని ఆ తర్వాత అర్థమైంది.

క్రోకస్ ఐరిస్ కుటుంబానికి చెందిన మొక్క. దాని జాతులు దక్షిణ యూరప్, బాల్కన్ కొండలు, గ్రీస్, టర్కీ మొదలుకొని మధ్య ఆసియా దాకా సహజంగా పెరుగుతాయి. ఆ ప్రాంతాల్లో చాలా చోట్ల వాన పడేది శరదృతువు నుంచి వసంతం వరకు, ఎండాకాలం మాత్రం పొడిగా ఉంటుంది. అందుకే గడ్డ శరత్తులో వేరు వేసి, చలికాలమంతా నెమ్మదిగా సిద్ధమై, వసంతం తొలినాళ్లలో పూసి, ఎండ ముదిరేసరికి ఆకును వదిలేసి పొడి నేలలో నిద్రపోతుంది. మన దగ్గర ఈ క్రమం తలకిందులు. గడ్డ పొడిగా పడుకోవాల్సిన జూన్ నుంచి సెప్టెంబరు దాకా మనకు వానలు కురుస్తాయి. అది చలి కోరుకునే వేళకు మనకు దొరికేది డిసెంబరు, జనవరి రాత్రుల కొద్దిపాటి చలి మాత్రమే, ఆ రోజుల్లోనూ మధ్యాహ్నం ఎండ 28, 30 డిగ్రీలకు చేరుతుంది. ఆదిలాబాద్ వైపు కొన్ని రాత్రులు 10 డిగ్రీల కంటే కిందికి దిగుతాయి గానీ, గడ్డకు కావలసింది కొన్ని రాత్రుల చలి కాదు, వారాల తరబడి సాగే చలి.

అయితే ఆకు లేకుండా నేలలోంచి పువ్వు లేచే ఆ వింత మన కాలచక్రానికి సరిపోయేలా చేసే మొక్క ఒకటి ఉంది. దాని పేరు కొండకలువ, భూచంపకం అని కూడా అంటారు. ఇంగ్లీషువాళ్లు దీనికి పెట్టుకున్న పేర్లలో ఇండియన్ క్రోకస్ ఒకటి. శాస్త్రీయ నామం కెంఫేరియా రోటుండా. జపాన్ దాకా ప్రయాణించిన జర్మన్ వైద్యుడు ఎంగెల్బర్ట్ కెంఫర్ పేరు మీద లిన్నేయస్ 1753లో ఆ ప్రజాతికి ఈ పేరు పెట్టాడు. కుటుంబం చూస్తే ఇది అల్లం, పసుపుల చుట్టం, క్రోకస్‌కు ఏ మాత్రం బంధువు కాదు. కానీ బతుకు పద్ధతి ఒకటే: ఒక కాలంలో తిండి దాచుకోవడం, గిట్టని కాలమంతా నేలలో పడుకోవడం, కాలం మారుతుందనగా అందరికంటే ముందు పువ్వుతో లేవడం. క్రోకస్ మంచు కరిగే వేళకు లేస్తే, కొండకలువ మండుటెండల చివర, తొలకరికి ముందు లేస్తుంది.

దుంప సంపాదించడం

నర్సరీలో కొండకలువ అని అడిగితే చాలామంది కలువ పువ్వుల తొట్టి వైపు చూపిస్తారు. భూచంపకం అంటే సంపెంగ మొక్క తెచ్చి ఇస్తారు. కాబట్టి పేరు కంటే దుంపను గుర్తుపట్టడం ముఖ్యం. కొండకలువ దుంప చిన్నది, బొటనవేలి అంత ఉంటుంది. దాని కింద లావాటి వేర్లు, ఆ వేర్ల చివర కండె ఆకారంలో ఉబ్బిన చిన్న గడ్డలు వేలాడుతుంటాయి. పసుపు కొమ్ములా పొడుగ్గా, కణుపులతో ఉంటే అది ఇది కాదు. దీనికి దగ్గరి చుట్టమైన చంద్రమూలికతోనూ పొరపడే అవకాశం ఉంది. చంద్రమూలిక ఆకులు నేలకు అతుక్కుని పరుచుకుంటాయి, దాని పూలు ఆకుల నడుమ వస్తాయి. కొండకలువ ఆకులు నిటారుగా లేస్తాయి, పైన ముదురు, లేత ఆకుపచ్చ మచ్చలతోనూ, అడుగున ఊదా రంగుతోనూ ఉంటాయి. ఆకు అడుగు తిప్పి చూస్తే పొరపాటు పడే వీలు తక్కువ.

కొనేవాళ్లు వర్షాకాలంలో ఆకుతో ఉన్న మొక్కను కొనడం మేలని నా అభిప్రాయం, ఆకు చూసి గుర్తుపట్టవచ్చు గనుక. ఇప్పటికే పెంచుతున్నవాళ్లెవరైనా తెలిసి ఉంటే, మాఘ, ఫాల్గుణ మాసాల్లో అడిగి నిద్రలో ఉన్న దుంప తెచ్చుకోవడం ఇంకా మేలు. అడవిలో తవ్వి తెచ్చామని ఎవరైనా అమ్మజూపితే తీసుకోవద్దు. పంచుకుంటే పెరిగే మొక్కకు అడవిని తవ్వాల్సిన పని లేదు.

మట్టి, కుండీ, నాటే లోతు

ఉత్తర తెలంగాణలో పెరట్లో ఉండే నేల సాధారణంగా చల్కనో, దుబ్బనో, రేగడో అయి ఉంటుంది. చల్క నేల అయితే సగం పని అయినట్టే. రేగడిలో మాత్రం ఈ దుంపను నేరుగా నాటకూడదు, శ్రావణంలో నీళ్లు నిలిచి వారంలోనే కుళ్లు పడుతుంది. రేగడి ఉన్నవాళ్లు కుండీలోనైనా పెట్టాలి, లేదా జానెడు ఎత్తు మడి కట్టి అందులోనైనా నాటాలి.

కుండీకి నేను వాడే పాళ్లు ఇవి: రెండు వంతులు ఎర్రమట్టి, ఒక వంతు మానేరు ఇసుక లాంటి గరుకు ఇసుక, ఒక వంతు బాగా మాగి, చేతిలో పొడిగా రాలే పశువుల పెంట. పచ్చి పెంట వేస్తే దుంపకు వేడి తగులుతుంది, చెదలు కూడా పడతాయి. అడుగున రంధ్రాల మీద పెంకు ముక్కలు పరిచి, వాటిపైన పిడికెడు మొరం వేస్తే నీరు దిగడానికి అడ్డు ఉండదు. కుండీకి లోతు కంటే వెడల్పు ముఖ్యం. పది, పన్నెండు అంగుళాల వెడల్పు కుండీలో మూడు దుంపలు నాటితే రెండేళ్లలో నిండిపోతుంది. మట్టి కుండీ అందంగానే ఉంటుంది గానీ, వరంగల్ మే నెల ఎండకు దాని గోడల గుండా తేమంతా పోతుంది. సిమెంటు కుండీ గానీ, పాత ప్లాస్టిక్ బకెట్ గానీ ఈ మొక్కకు నయం.

దుంపను కన్ను, అంటే మొలక వచ్చే చోటు, పైకి వచ్చేలా పెట్టి, దాని మీద రెండు అంగుళాల మట్టి కప్పాలి. వేర్ల చివర వేలాడే చిన్న గడ్డలు తెగకుండా కింద పరుచుకునేంత గుంత తీయాలి. వాటిలోనే మొక్క దాచుకున్న నీరు, తిండి ఉంటాయి. అవి తెగిపోతే దుంప చావకపోవచ్చు, కానీ ఆ ఏడు పూలు తగ్గుతాయి. నాటడానికి అనువైన కాలం ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారం వరకు.

చోటు విషయంలో ఒక్క మాట చాలు: పొద్దుటి ఎండ తగలాలి, పదకొండు దాటాక నీడ పడాలి. వేప కిందో, మామిడి కిందో, తూర్పు గోడ పక్కనో పెట్టండి. డాబా మీద నేరుగా పెడితే కింది కాంక్రీటు వేడికి దుంప ఉడుకుతుంది.

ఖాళీ కుండీని కాపాడటం

ఈ మొక్క పెంపకంలో అసలు నేర్పు అంతా ఆకు లేని అయిదు నెలల్లోనే ఉంది. చాలామంది దాన్ని పోగొట్టుకునేది వానాకాలంలో కాదు, డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా కుండీ ఖాళీగా కనిపించే రోజుల్లో. ఆకు లేని కుండీని చూస్తే మొక్క చనిపోయిందనిపిస్తుంది. జాలిపడి రోజూ చెంబెడు నీళ్లు పోస్తారు, లేదా అందులో కొత్తిమీర చల్లేస్తారు. మా ఇంట్లో ఒకసారి నేను ఊళ్లో లేనప్పుడు ఆ కుండీలో మెంతులు చల్లారు. మెంతికూర బాగానే వచ్చింది, కొండకలువ మాత్రం ఆ ఏడు రాలేదు. అప్పటి నుంచి ఆకు వాడగానే కుండీ మీద సున్నంతో పెద్ద గుర్తు పెట్టి, మెట్ల కిందికి జరుపుతున్నాను.

ఆర్మూర్, మెట్‌పల్లి వైపు పసుపు రైతు విత్తనపు కొమ్మును ఎలా కాపాడుకుంటాడో తెలిసినవాళ్లకు ఇది కొత్త విషయం కాదు. తవ్విన కొమ్మును నీడలో కుప్ప పోసి, పైన పసుపు ఆకు కప్పి, నీరు తగలకుండా, మరీ ఎండిపోకుండా తొలకరి దాకా ఉంచుతారు. కొండకలువ కుండీకీ అదే మర్యాద. నీడలో పెట్టి, మట్టి మీద రెండు అంగుళాల మందాన ఎండుటాకులు పరచాలి. నీళ్లు మానేయాలి. అయితే పొడి మట్టి వేరు, బూడిదలా కాలిన మట్టి వేరు. ఫిబ్రవరి దాటాక, వేలు రెండు కణుపుల లోతుకు దించినా చల్లదనం తగలకపోతే, ఇరవై రోజులకోసారి ఒక గ్లాసు నీళ్లు చుట్టూ అంచు వెంబడి పోయవచ్చు. నడిమిట్ల పోయకూడదు.

తొలి తడి, తొలి పువ్వు

ఏప్రిల్ రెండో పక్షంలో ఆకుల కప్పు తీసి, మట్టి పైపొర మెల్లగా గుల్ల చేసి, ఒకసారి కుండీ నిండా తడిసేలా నీళ్లు పెట్టాలి. ఆ తర్వాత వారం, పది రోజులు ఆగాలి. తొందరపడి రోజూ తడిపితే కన్ను కుళ్లే ప్రమాదం ఉంది. వేసవి మధ్యలో గాలివాన పడితే ఈ తొలి తడి పని అదే చేసిపెడుతుంది, అప్పుడు మీరు పోయనక్కర్లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండల్లోనే మట్టిని చీల్చుకుని గోరంత ఊదా రంగు మొన కనిపిస్తుంది. అది ఆకు మొలక కాదు, పూల గుత్తి. దాన్ని గుర్తుపట్టిన రోజు నుంచి రెండు రోజులకోసారి కొద్దిగా నీళ్లు ఇవ్వాలి, మొన మీద మాత్రం పడనీయకూడదు.

పువ్వును చూడాలంటే పొద్దున్నే లేవాలి. సన్నగా, తెల్లగా రిబ్బన్లలా ఉన్న మూడు రేకులు పక్కలకు వాలి ఉంటాయి, వీటిని మొదట ఎవరూ గమనించరు. కంటికి కనిపించేవి నాలుగు వెడల్పాటి భాగాలు: పైకి నిలబడిన తెల్లటివి రెండు, కిందికి దిగిన లేత ఊదావి రెండు. నిజానికి ఇవేవీ రేకులు కావు. పుప్పొడి ఇవ్వాల్సిన కేసరాలే రూపం మార్చుకుని ఇలా రేకుల్లా పరుచుకున్నాయి. కింది ఊదా భాగం ఒకే పెదవి, నడుమ లోతుగా చీలడం వల్ల రెండుగా అనిపిస్తుంది. పుప్పొడి ఇచ్చే అసలు కేసరం ఒక్కటే మిగిలింది, దాని రెండు అరల మధ్య నుంచి దారంలాంటి కీలం, అంటే పువ్వులోని ఆడ భాగపు కాడ, బయటికి వస్తుంది. భూతద్దం ఉంటే ఇది పిల్లలకు చూపించదగ్గది. క్రోకస్‌లో అయితే కేసరాలు మూడు, మనం పాలలో వేసుకునే కుంకుమపువ్వు పోగులేమో కేసరాలు కావు, కీలాగ్రాలు, అంటే కీలం కొసలు. రెండింటికీ ఉన్న పోలిక ఇంకొకటి ఉంది. నేలలోంచి వచ్చినట్టు కనిపించే ఆ తెల్లటి కాడ నిజంగా కాడ కాదు, పువ్వు గొట్టమే పొడుగ్గా సాగి పైకి వస్తుంది. క్రోకస్ అయితే అండాశయాన్ని మట్టి కిందే ఉంచుకుని, కాయ ముదిరాక గానీ పైకి తీసుకురాదు.

పువ్వు ఆయుష్షు ఒక్క రోజే. మధ్యాహ్నానికే తడిసిన కాగితంలా ముడుచుకుంటుంది. అయితే గుత్తిలో మొగ్గలు ఒకటి తర్వాత ఒకటి విచ్చుకుంటాయి గనుక, దుంప బలంగా ఉంటే కొన్నాళ్ల పాటు రోజూ పలకరిస్తుంది. వాసన తీపిగా ఉంటుంది, వంగి చూస్తేనే తెలుస్తుంది. అందుకే పూత సమయంలో కుండీని తెచ్చి అరుగు మీద, కంటికి కాస్త దగ్గరగా పెట్టుకోమంటాను. కోతుల బెడద ఉన్న వీధి అయితే మాత్రం గ్రిల్ లోపల పెట్టండి, అవి పువ్వు కోసం రావు గానీ కొత్తగా లేచినదేదైనా పీకి చూస్తాయి.

ఆకు కాలం

పూత ముగిసే వేళకు మృగశిర వస్తుంది, వానతో పాటు ఆకూ లేస్తుంది. వచ్చే ఏడాది పువ్వును నిర్ణయించేది ఈ ఆకే, కాబట్టి పువ్వు అయిపోయింది కదా అని కుండీని మూలకు నెట్టకూడదు. జూలైలో ఒకసారి, ఆగస్టు చివర ఒకసారి పిడికెడు వేపపిండి, రెండు పిడికిళ్ల మాగిన పెంట కలిపి మొదలు చుట్టూ వేస్తే చాలు. యూరియా వేస్తే ఆకు దిట్టంగా పెరుగుతుంది, దుంప మాత్రం మెత్తబడుతుంది. ముసురు పట్టిన రోజుల్లో కుండీ కింద పళ్లెం ఉంటే తీసేయాలి, వాన ఆగకపోతే చూరు కిందికి జరపాలి.

దుంపకుళ్లు ఈ మొక్కకు పెద్ద శత్రువు. పసుపు, అల్లం పండించేవాళ్లకు ఇది బాగా తెలిసిన తెగులే. ఆకు అంచుల నుంచి పసుపుబారడం, మొదలు దగ్గర కాండం నీరు పట్టినట్టు మెత్తబడటం, లాగగానే ఊడి రావడం దాని గుర్తులు. అలా కనిపించిన రోజే కుండీ బోర్లించి, మంచి దుంపను వేరు చేసి, మెత్తని భాగాన్ని కత్తితో గట్టి కండ తగిలేదాకా కోసేయాలి. లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశక మందు కలిపి, అందులో అరగంట ముంచి, నీడలో ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి. పాత మట్టిని మళ్లీ దుంప జాతి మొక్కకు వాడకూడదు.

దసరా దాటాక ఆకులు రంగు తగ్గి, కార్తీకం ముగిసేసరికి పసుపుబారి ఒరుగుతాయి. ఇది తెగులు కాదు, నిద్ర. అప్పుడు నీళ్లు మెల్లగా తగ్గించి, ఆకు పూర్తిగా ఎండాక చేత్తో తీస్తే ఊడి వస్తుంది. పచ్చిగా ఉండగా కోయకండి, ఆకులోని సారం దుంపకు దిగాల్సింది ఆ రోజుల్లోనే. మూడేళ్లకోసారి, ఫిబ్రవరి చివర, కుండీ తవ్వి దుంపలను విడదీయవచ్చు. ఒక్కో ముక్కకు కనీసం ఒక కన్ను, రెండు మూడు వేరు గడ్డలు ఉండాలి. కోసిన చోట బూడిద అద్ది రెండు రోజులు ఆరనిచ్చి నాటాలి.

అసలు క్రోకసే కావాలనుకునేవారికి

ఇంత చెప్పినా క్రోకస్ మీద మనసు పోని వారుంటారు, వారికి ఒక దారి ఉంది. దాన్ని తోట మొక్కగా కాకుండా ఒక్క చలికాలపు అతిథిగా చూడాలి. ముందుగా పూసే జాతుల్లో లేత ఊదా టొమాసినియానస్, పసుపు, తెలుపు రకాలున్న క్రిసాంతస్, గ్రీస్‌కు చెందిన సీబెరి కొంత ఓర్చుకునే రకాలు. మాసిడోనియా, గ్రీస్ ఎత్తైన కొండల మీద మంచు కరిగిన నీటిలో పెరిగే పెలిస్టెరికస్, స్కార్డికస్ లాంటి అరుదైన జాతులు వేసవిలోనూ చల్లని తేమను కోరుతాయి. వాటి మీద డబ్బు పెట్టవద్దు. విదేశం నుంచి పార్శిల్‌లో తెప్పించుకోవాలనుకుంటే, 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆ దేశపు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు చీడపీడలు లేవనే ధ్రువపత్రం) ఉండాలి. అవి లేకపోతే గడ్డలు రేవులోనే ఆగిపోతాయి.

సెప్టెంబరు చివర గట్టి గడ్డలను ఇసుక పాలు ఎక్కువున్న మట్టిలో, వెడల్పాటి చిన్న డబ్బాలో, రెండు అంగుళాల లోతున దగ్గర దగ్గరగా నాటి, ఒకసారి తడిపి, రంధ్రాలు చేసిన సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచాలి. అక్కడ 4 నుంచి 7 డిగ్రీలు ఉంటే సరిపోతుంది. పండ్లు మాత్రం అదే అరలో పెట్టకూడదు. ఆపిల్, అరటి లాంటివి పండేటప్పుడు విడుదలయ్యే ఇథిలీన్ వాయువుకు గడ్డలోని మొగ్గ మాడిపోతుంది. పన్నెండు నుంచి పదిహేను వారాలు అలా ఉంచి, పదిహేను రోజులకోసారి మట్టి ఆరిందేమో చూస్తుండాలి. డబ్బా అడుగు రంధ్రాల్లోంచి తెల్లటి వేర్లు, పైన రెండు అంగుళాల మొలక కనిపించాక, డిసెంబరు చివర గానీ జనవరి మొదట్లో గానీ బయటికి తీయాలి. నేరుగా ఎండలో పెట్టకుండా ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, వెలుతురున్న కిటికీ దగ్గర ఉంచి, రాత్రుళ్లు మాత్రం బయట మంచుకు పెట్టాలి. గది 20 డిగ్రీలు దాటి వెచ్చబడితే మొగ్గ విచ్చకుండానే ఎండిపోతుంది గనుక, మధ్యాహ్నం తడిగుడ్డ కప్పిన బుట్ట కింద పెట్టడం నాకు పని చేసింది. మూడో ఏడు అలా పదిహేను గడ్డల్లో ఆరు పూశాయి. పువ్వు వెలుతురుకు విచ్చుకుని సాయంత్రానికి ముడుచుకుంటుంది, మన వేడికి మూడు రోజులకు మించి నిలవదు.

పూసిన గడ్డ మళ్లీ ఏడాదికి పనికిరాదు. క్రోకస్ ఏటా పాత గడ్డ మీద కొత్త గడ్డను కట్టుకుంటుంది, దానికి పూత తర్వాత నెలన్నరో రెండు నెలలో చల్లటి ఎండ కావాలి. ఫిబ్రవరికే మన దగ్గర వేడి మొదలవడంతో కొత్త గడ్డ బఠాణీ గింజంతై ఆగిపోతుంది. దాన్ని ఎరువు గుంతలో వేసి, అదే డబ్బా మట్టిని ఎండబెట్టి ఉంచుకోండి. సరిగ్గా ఆ రోజుల్లోనే మెట్ల కింద కొండకలువ కుండీ నిద్రలో ఉంటుంది, చేతిలో చెంబు ఉంది కదా అని దానికి నీళ్లు పోయకండి.